ఒకే ఇంట్లో చుట్టరికం లేనివాళ్లు ఎంతమంది ఉండొచ్చు? సిటీ రూల్స్, స్టేట్ చట్టాలు

ఒంగోలు_టు_టెక్సాస్:

అందరికీ నమస్కారం. టెక్సాస్‌లో ఓ యూనివర్సిటీ ఊళ్లో మాస్టర్స్ చేస్తున్నాను. ఐదుగురం తెలుగు కుర్రాళ్లం కలిసి నాలుగు బెడ్‌రూముల ఇంట్లో ఉంటున్నాం. లీజులో ముగ్గురి పేర్లే ఉన్నాయి. నేనూ, ఇంకో అబ్బాయీ కాగితం మీద లేం. ఇల్లు చూపించినప్పుడే మేనేజర్ చెప్పాడు, ఈ వీధిలో చుట్టరికం లేనివాళ్లు ముగ్గురికి మించి ఉండకూడదని సిటీ రూల్ ఉందట, ఎవరైనా అడిగితే కజిన్స్ అని చెప్పమన్నాడు. అద్దె మాత్రం ఐదుగురి వాటా నెలనెలా తీసుకుంటున్నాడు.

పక్కింటాయన మా కార్ల నంబర్ ప్లేట్లు ఫోన్‌లో ఫోటోలు తీస్తున్నాడు. డోర్‌బెల్ మోగితే చాలు, మేమిద్దరం లోపలి గదిలోకి వెళ్లిపోతున్నాం. ఎన్ని జతలున్నాయో లెక్కపెడతారేమోనని గుమ్మం ముందు చెప్పుల స్టాండ్ కూడా తీసేశాం. చదువు కంటే ఈ టెన్షనే ఎక్కువైంది.

సెప్టెంబర్ నుంచి స్టేట్‌లో కొత్త చట్టం వచ్చిందని, ఇలాంటి సిటీ రూల్స్ చెల్లవని క్లాస్‌మేట్ అన్నాడు. నిజమేనా? మేనేజర్‌ని అడిగితే "ఇన్నాళ్లూ బాగానే నడిచింది కదా, ఇప్పుడు పేర్లు ఎక్కించడం ఎందుకు" అంటున్నాడు. తెలిసినవాళ్లు దయచేసి చెప్పండి.

ప్లేనో_అక్క:

తమ్ముడూ, మిగతా సంగతులు తర్వాత. ముందు ఆ కజిన్స్ మాట ఇంకెవరి దగ్గరా అనొద్దు. సిటీ నుంచి కోడ్ ఆఫీసర్, అంటే ఇళ్ల రూల్స్ తనిఖీ చేసేవాడు, వచ్చి అడిగినా అబద్ధం చెప్పొద్దు. వీసా మీద ఉన్నవాళ్లకి గవర్నమెంట్ మనిషి ముందు అబద్ధమాడటం మంచిది కాదు. ఇంకొకటి, నీ ఎఫ్‌-1 స్టూడెంట్ వీసా రికార్డులో ఏ అడ్రస్ ఉంది? ఇల్లు మారిన 10 రోజుల్లోగా స్కూల్‌కి చెప్పాలి. లీజులో పేరు లేదని పాత అడ్రస్ అలాగే వదిలేసిన పిల్లల్ని చాలామందిని చూశాను. సిటీ రూల్‌కి భయపడి దాన్ని వదిలేస్తే అది ఇంకా పెద్ద తలనొప్పి.

ప్లానింగ్_పనిలో_ఉన్నా:

సిటీ ప్లానింగ్ ఆఫీసుల చుట్టూ తిరిగే ఉద్యోగం నాది. లాయర్ని కాను కాబట్టి నా మాటే వేదం అనుకోవద్దు.

మీ క్లాస్‌మేట్ చెప్పింది ఎస్‌బీ 1567 (సెనేట్ బిల్లు) అనే టెక్సాస్ చట్టం గురించి. 2025 సెప్టెంబర్ 1న అమల్లోకి వచ్చింది. ఇంట్లో ఉండేవాళ్ల వయసు, వృత్తి, వాళ్ల మధ్య చుట్టరికం ఉందా లేదా అన్నది చూసి సిటీలు తలలు లెక్కపెట్టకూడదు అన్నది దాని సారం. కానీ టెక్సాస్ మొత్తానికీ వర్తించదు. ఊరి జనాభా 250,000 లోపు ఉండాలి, 20,000 మందికి పైగా చదివే యూనివర్సిటీ ఉండాలి. కాలేజ్ స్టేషన్, డెంటన్, శాన్ మార్కస్ ఇందులోకి వస్తాయి. మన పిల్లలు చాలామంది ఉండే అర్లింగ్టన్ రాదు, అక్కడ జనాభా నాలుగు లక్షలకు దగ్గర. లబ్బక్‌లో అంత పెద్ద యూనివర్సిటీ ఉన్నా జనాభా ఆ గీత దాటిపోయింది. అక్క ఉండే ప్లేనో కూడా అంతే.

ఈ చట్టం మీద చర్చంతా ఎక్కువగా కాలేజ్ స్టేషన్ చుట్టూ తిరిగింది. ఈ చట్టానికి ముందు అక్కడ మామూలుగా చుట్టరికం లేనివాళ్లు నలుగురి దాకానే ఉండొచ్చని రూల్. 2021లో ఇంకో రూల్ తెచ్చారు. ఏ కాలనీవాళ్లయినా కావాలని దరఖాస్తు పెట్టుకుంటే, ఆ కాలనీ వరకు దాన్ని ఇద్దరికి కుదించుకునే వీలుండేది. నాలుగు బెడ్‌రూముల ఇల్లు, ఇద్దరే స్నేహితులు, రెండు గదులు ఖాళీ. అదే ఇంట్లో అమ్మా నాన్నా ఆరుగురు పిల్లలుంటే ఏ అభ్యంతరమూ ఉండేది కాదు. ఆ తేడానే స్టేట్ చట్టం తీసేసింది.

అయితే ఇది సిటీ చేతులు కట్టిన చట్టం, ఓనర్ చేతులు కట్టినది కాదు. లీజులో ముగ్గురే ఉండాలని రాసి ఉంటే ఆ షరతు అలాగే ఉంటుంది. వయోజనుల విషయంలో టెక్సాస్ ప్రాపర్టీ కోడ్‌లో (ఆస్తి, అద్దెల చట్టం) ఓనర్లకి ఎప్పటి నుంచో వేరే పరిమితి ఉంది, ఒక బెడ్‌రూమ్‌కి ముగ్గురి చొప్పున. మీ ఇంటికి ఆ లెక్కన ఐదుగురు సమస్యే కాదు. కాబట్టి మీ ఊరు చట్టం పరిధిలోకి వస్తే, పేర్లు ఎక్కించకపోవడానికి సిటీ రూల్ అనే సాకు ఇక లేదు.

ఒంగోలు_టు_టెక్సాస్:

థాంక్స్ అన్నా. జనాభా, యూనివర్సిటీ రెండు లెక్కల్లోనూ మా ఊరు వస్తుంది. రూమ్మేట్స్‌కి చదివి వినిపించాను.

కేరీ_వెంకట్:

కొంచెం అవతలి పక్క నుంచి కూడా చెబుతాను, కోపం తెచ్చుకోకండి. నాది నార్త్ కరోలినా. క్యాంపస్‌కి దగ్గర్లో ఇల్లు కొనుక్కున్నాం, ఇద్దరు చిన్న పిల్లలు. మా వీధిలో ఇల్లు అమ్మకానికి వస్తే కొత్తగా పెళ్లైన జంటలు పోటీ పడలేకపోతున్నాయి. ఎందుకంటే ఇన్వెస్టర్ వచ్చి ఐదారుగురు స్టూడెంట్లకి గదుల లెక్కన అద్దెకిస్తే వచ్చే ఆదాయం చూసి ధర పెడతాడు. ఒక జీతం మీద ఇల్లు కొనేవాడు ఆ ధర ఎక్కడి నుంచి తెస్తాడు?

ఇక కార్లు. ఒక్కో ఇంటి ముందు ఐదారు. చెత్త బండి తిరగడానికి చోటుండదు. తలలు లెక్కపెట్టే రూల్ మంచిదా చెడ్డదా అన్నది పక్కన పెడితే, మా వీధి కష్టం మా కౌన్సిల్‌కి తెలుస్తుంది. స్టేట్ కాపిటల్‌లో కూర్చున్నవాళ్లకి మా వీధి సంగతి ఏం తెలుసు? అన్ని ఊళ్లకీ ఒకే చట్టం రాసేస్తే ఎలా?

లాంగ్‌ఐలాండ్_రావు:

వెంకట్ గారూ, మీరు అడిగిన ప్రశ్న మా దగ్గరే మొదలైంది. యాభై ఏళ్లు దాటింది, ఇంకా తెమల్లేదు. కొంచెం ఓపిగ్గా చదవండి.

లాంగ్ ఐలాండ్ ఉత్తరపు ఒడ్డున బెల్ టెర్రె అనే పల్లె ఉంది. చదరపు మైలు కూడా ఉండదు, అప్పట్లో ఓ 700 మంది జనం. రక్త సంబంధం, పెళ్లి, దత్తత లేనివాళ్లు ఒక ఇంట్లో ఇద్దరికి మించి ఉండకూడదని అక్కడ రూల్. దగ్గర్లోని స్టోనీ బ్రూక్ యూనివర్సిటీ స్టూడెంట్లు ఆరుగురు ఓ ఇల్లు అద్దెకు తీసుకున్నారు. పల్లె నోటీసు ఇచ్చింది, ఓనర్లూ కొందరు స్టూడెంట్లూ కోర్టుకెళ్లారు. 1974లో సుప్రీంకోర్టు పల్లె పక్షమే తీర్పు చెప్పింది. జస్టిస్ డగ్లస్ రాసిన ఆ తీర్పు సారం వెంకట్ గారి వాదనే: జనం తక్కువ, కార్లు తక్కువ, ప్రశాంతమైన వీధులు కోరుకునే హక్కు ఊరికి ఉంది. దేశంలో చాలా నగరాలు ఈ రోజుకీ ఆ తీర్పు పట్టుకునే ఇద్దరు, ముగ్గురు, నలుగురు అని రాసుకుంటున్నాయి.

ఆ తీర్పుతో విభేదించిన జస్టిస్ మార్షల్ మాట నాకు ఎక్కువ సబబుగా తోస్తుంది. రద్దీ, చప్పుడు, కార్లు సమస్య అయితే వాటినే కట్టడి చేయండి, బెడ్‌రూమ్‌కి ఇంతమంది, ఇంటికి ఇన్ని కార్లు అని అందరికీ ఒకటే రూల్ పెట్టండి, ఎవరు ఎవరికి ఏమవుతారని అడగడమెందుకు అన్నది ఆయన వాదన.

ఇక 1977లో ఇంకో కేసు. ఒహాయోలో ఈస్ట్ క్లీవ్‌లాండ్. ఐనెజ్ మూర్ అనే పెద్దావిడ తన కొడుకుతో, ఇద్దరు మనవళ్లతో ఉండేది. ఆ పిల్లలిద్దరూ అన్నదమ్ములు కారు, వేర్వేరు కొడుకుల పిల్లలు. తల్లి చనిపోతే రెండో పిల్లాడిని ఆవిడ పసివాడిగా ఉన్నప్పుడే తెచ్చుకుని పెంచుతోంది. ఆ ఊరి రూల్ ప్రకారం ఆ పిల్లాడు ఆ ఇంట్లో ఉండటం నేరం. మామ్మకి ఐదు రోజుల జైలు, 25 డాలర్ల జరిమానా వేశారు! సుప్రీంకోర్టు 5-4 తేడాతో ఆ రూల్‌ని కొట్టేసింది. మన ఇళ్లల్లో బామ్మ దగ్గర పెదనాన్న పిల్లలూ బాబాయి పిల్లలూ కలిసి పెరగని ఇల్లు ఏది? కోర్టు ఒక్క ఓటు తేడాతో నిలిపింది దాన్నే.

దీంతో బంధువుల విషయంలో ఊళ్లు చేయి పెట్టకూడదని తేలింది, స్నేహితుల విషయంలో పెట్టొచ్చని మిగిలిపోయింది. ఆ తర్వాత స్టేట్ కోర్టులు సొంత రాజ్యాంగాలు చూసి వేరే దారి పట్టాయి. 1979లో న్యూ జెర్సీ, 1980లో కాలిఫోర్నియా, 1984లో మిషిగన్. 1985లో మా న్యూయార్క్ అత్యున్నత కోర్టు ఆయిస్టర్ బే ఊరి రూల్‌ని కొట్టేసింది. అంటే బెల్ టెర్రె ఉన్న స్టేట్‌లోనే ఆ తరహా రూల్‌కి బలం పోయింది.

బే_ఏరియా_సుజాత:

రావు గారు చెప్పిన కాలిఫోర్నియా కేసు శాంటా బార్బరాది. పది బెడ్‌రూముల పెద్ద ఇల్లు, పన్నెండు మంది పెద్దవాళ్లు ఒకే కుటుంబంలా కలిసి ఉండేవాళ్లు. సిటీ రూల్ ఐదుగురే. పది బెడ్‌రూముల ఇంట్లో ఐదుగురు! 1972లో ఓటర్లే స్టేట్ రాజ్యాంగంలో ప్రైవసీ హక్కు చేర్చుకున్నారు, దాని కిందే కోర్టు ఆ రూల్‌ని కొట్టేసింది. అందుకే ఇక్కడ మన వాళ్లు ఐదారుగురు కలిసి ఇల్లు తీసుకుంటే సిటీతో ఈ గొడవ ఉండదు. అద్దె కట్టలేక చస్తాం, అది వేరే సంగతి.

ఫోర్ట్‌కాలిన్స్_రవళి:

వెంకట్ గారి బాధ నాకు అర్థమవుతుంది. మా ఊళ్లో ఇరవై ఏళ్లు ఇదే వాదన నడిచింది. కొలరాడోలోని ఫోర్ట్ కాలిన్స్‌లో ఈ రూల్‌ని యు ప్లస్ టూ అనేవాళ్లు, మీరూ మీతో ఇంకో ఇద్దరూ. రూల్ పాతదే, 2005 తర్వాత గట్టిగా అమలు చేయడం మొదలుపెట్టారు. అందరూ స్టూడెంట్ల గురించే మాట్లాడతారు. నాకు తెలిసిన ఇబ్బంది వేరు. నాతో పనిచేసే ఆవిడ విడాకులు తీసుకుంది, ఒక పాప. ఇంకో ఇద్దరు ఆడవాళ్లతో కలిసి నాలుగు గదుల ఇల్లు తీసుకుంది. నాలుగో గదికి మనిషి దొరికినా పెట్టుకోవడానికి లేదు. ఖాళీ గది అద్దె ముగ్గురూ పంచుకుని కట్టేవాళ్లు. కూతురు దూరంగా ఉండే ఒంటరి పెద్దావిడ తన సొంత ఇంట్లో గదులు అద్దెకిద్దామన్నా ఇదే లెక్క అడ్డం.

2024 ఏప్రిల్‌లో గవర్నర్ పోలిస్ హెచ్‌బీ 1007 అనే బిల్లు మీద సంతకం చేశారు, జులై 1 నుంచి అమలు. చుట్టరికం చూసి తలలు లెక్కపెట్టే అధికారం కొలరాడోలో ఏ ఊరికీ లేదు. బిల్డింగ్ కోడ్, ఫైర్ కోడ్, సెప్టిక్ ట్యాంకు సామర్థ్యం లాంటి ఆరోగ్య, భద్రత కారణాలుంటే పరిమితి పెట్టుకోవచ్చు. అంతకు ముందే డెన్వర్ 2021లో ఐదుగురికి పెంచుకుంది, దాన్ని తీసేయాలని అదే ఏడాది ఓటింగ్ పెడితే జనం తీసేయొద్దన్నారు. బౌల్డర్ కూడా 2023లో ఐదుగురికి పెంచింది. కాబట్టి ఊళ్లు సొంతంగా మారలేవని కాదు. కానీ అన్ని ఊళ్లూ మారేదాకా ఆగాలంటే నా సహోద్యోగి కూతురు కాలేజీకి వెళ్లిపోయేది.

కార్ల గురించి ఒక్క మాట. నలుగురు టీనేజ్ పిల్లలున్న మా ఎదురింట్లో ఆరు కార్లు. వాళ్లని ఎవరూ లెక్కపెట్టలేదు.

కేరీ_వెంకట్:

రవళి గారూ, మీ సహోద్యోగి విషయంలో నేను కాదనను. కానీ చప్పుడు రూల్ ఉంది, పార్కింగ్ రూల్ ఉంది అనడం కాగితం మీద సులువు. రాత్రి పదకొండుకి ఫోన్ చేస్తే వచ్చేవాళ్లుండరు. తలల లెక్క అమలు చేయడం తేలిక, అందుకే ఊళ్లు దాన్ని పట్టుకున్నాయి. దాన్ని తీసేసే స్టేట్, మిగతా రూల్స్ అమలు చేయడానికి డబ్బూ మనుషుల్నీ ఇవ్వాలి కదా? అది ఎక్కడా కనపడదు.

ప్లానింగ్_పనిలో_ఉన్నా:

ఈ మాట నూటికి నూరుపాళ్లు ఒప్పుకుంటాను. స్టేట్ వాళ్లు రూల్ తీసేసి చేతులు దులుపుకుంటే వీధిలో మిగిలేది కోపమే. అయితే తలల లెక్క అమలు తేలిక అన్నది మాత్రం నిజం కాదు. అది పట్టుకోవాలంటే ఆఫీసర్ ఇంట్లోకి వచ్చి మంచాలు చూడాలి, ఎవరు ఎవరికి ఏమవుతారని అడగాలి, పక్కింటివాళ్లు ఫోటోలు పంపాలి. ఇక్కడ ఈ పిల్లలు చెప్పుల స్టాండ్ దాచుకుంటున్నారంటే అందుకే. పార్కింగ్‌కి అదేమీ అక్కర్లేదు, పర్మిట్ లేని కారుకి టికెట్ అంటిస్తే చాలు.

కౌన్సిల్‌కి మా వీధి తెలుసు అన్నారు. వీధిలో ఓటేసే వాళ్లే కౌన్సిల్‌కి తెలుసు. అద్దెకుండేవాళ్లు ఏటా మారతారు, స్టూడెంట్లలో చాలామందికి ఆ ఊళ్లో ఓటుండదు, మన పిల్లలకైతే దేశంలోనే ఉండదు. హియరింగ్ పెడితే వచ్చి మైకు ముందు నిలబడేది ఇల్లున్నవాళ్లే. ప్రతి ఊరూ తన వరకు ఇద్దరు ముగ్గురు అని గీసుకుంటే, గది దొరకనివాళ్లు పక్క ఊరికి పోతారు, పక్క ఊరూ అదే గీత గీస్తుంది. మొత్తం ప్రాంతంలో ఎవరు ఎక్కడ ఉండాలన్న బాధ్యత ఏ కౌన్సిల్ మీదా లేదు. ఆ బాధ్యత ఉన్నది స్టేట్‌కే. అందుకే ఈ ఒక్క విషయంలో స్టేట్ కలగజేసుకోవడం సరైనదే అంటాను. ఎన్ని అంతస్తులు, ఎంత ఖాళీ స్థలం లాంటివి ఊరు చూసుకోవచ్చు. లోపల ఉన్నవాళ్ల చుట్టరికం ఎవరూ అడగకూడదు.

ఏమ్స్_పాత_కాపు:

స్టేట్ చట్టం వస్తే ఊళ్లు ఊరుకుంటాయనుకోవద్దు. అయోవాలో మాది ఏమ్స్, యూనివర్సిటీ ఊరు. అద్దె ఇళ్లలో చుట్టరికం చూసి లెక్కపెట్టకూడదని 2017లో చట్టం చేశారు, 2018 జనవరి నుంచి అమలు. ఆ దారి మూసుకుపోగానే ఏమ్స్, అయోవా సిటీ రెండూ ఇంకో దారి చూశాయి. క్యాంపస్ దగ్గరి కాలనీల్లో ఇంత శాతం ఇళ్లే అద్దెకివ్వొచ్చని పరిమితి పెట్టాయి. పిల్లలు వెళ్లిపోయాక ఇల్లు అద్దెకిచ్చి ఫ్లోరిడా వెళదామనుకున్న పెద్దవాళ్లు ఇరుక్కుపోయారు. 2019లో స్టేట్ ఆ పరిమితుల్నీ నిషేధించింది.

సియాటిల్_శ్రీను:

మా వాషింగ్టన్, పక్క ఆరెగన్ రెండూ 2021లోనే తీసేశాయి. రిపబ్లికన్ల అయోవా, టెక్సాస్ కూడా చేశాయి, డెమోక్రాట్ల మేమూ చేశాం. అద్దెల దెబ్బకి పార్టీ తేడా లేకుండా వచ్చారు.

ఒక సందేహం. మా కజిన్ అపార్ట్‌మెంట్‌లో రెండు బెడ్‌రూములకి ఐదుగురు ఉండాలనుకుంటున్నారు. ఈ చట్టాలు పనికొస్తాయా?

ప్లానింగ్_పనిలో_ఉన్నా:

పనికిరావు శ్రీనూ. అపార్ట్‌మెంట్‌లో ఎక్కువగా అడ్డొచ్చేది సిటీ కాదు, మేనేజ్‌మెంట్ పాలసీ. బెడ్‌రూమ్‌కి ఇద్దరు అన్నది మామూలుగా సమంజసమేనని ఫెడరల్ హౌసింగ్ శాఖ 1998లోనే పాలసీగా చెప్పింది, చాలా కాంప్లెక్సులు దాన్నే పాటిస్తాయి. ఐదో మనిషి గురించి ముందే అడిగి రాయించుకోమను.

ప్లేనో_అక్క:

ఒంగోలు తమ్ముడూ, నీ సంగతికొద్దాం. లీజులో పేరు లేకపోతే నష్టం ఏంటో మీ ఇద్దరికీ తెలియాలి. డిపాజిట్ వాపసు టెక్సాస్‌లో 30 రోజుల్లోగా ఇవ్వాలి, కానీ ఆ హక్కు కాగితం మీదున్న వాళ్లది. నీ వాటా కోసం నువ్వు ఓనర్ని నేరుగా అడగలేవు. రెంటర్స్ ఇన్సూరెన్స్ (అద్దెకుండేవాళ్ల సామాను బీమా) కూడా మామూలుగా పాలసీలో పేరున్నవాడికీ, అతనితో ఉండే బంధువులకే. ఇంట్లో దొంగతనం జరిగి నీ ల్యాప్‌టాప్ పోతే రూమ్మేట్ పాలసీలో నీకు రాదు. డ్రైవింగ్ లైసెన్సుకి అడ్రస్ ప్రూఫ్ కూడా కష్టమే.

ఇంకోటి అడుగుతాను, ఐదోవాడు ఎక్కడ పడుకుంటున్నాడు? నాలుగు బెడ్‌రూములే కదా?

ఒంగోలు_టు_టెక్సాస్:

నేనే అక్కా. గరాజ్‌ని గదిలా మార్చి ఇచ్చారు. ప్లైవుడ్ పార్టిషన్, ఒక పోర్టబుల్ ఏసీ. పైన చిన్న వెంటిలేటర్ ఉంది, కిటికీ లేదు.

ప్లానింగ్_పనిలో_ఉన్నా:

తమ్ముడూ, ఈ రాత్రి నుంచే ఆ గదిలో పడుకోవద్దు. ఇది తలల లెక్క కాదు, ప్రాణం సంగతి. పడకగదికి మంటలొస్తే బయటికి దూకగలిగే కిటికీ ఉండాలి. చాలా ఊళ్లు పాటించే బిల్డింగ్ కోడ్ ప్రకారం తెరుచుకునే వైశాల్యం 5.7 చదరపు అడుగులు, నేలమట్టం గదికి 5. కింది అంచు నేల నుంచి 44 అంగుళాలు దాటకూడదు. వెంటిలేటర్ నుంచి మనిషి దూరడు. గరాజ్‌లో కారు, వాటర్ హీటర్ ఉంటే కార్బన్ మోనాక్సైడ్ భయం కూడా. ఏ స్టేట్ చట్టమూ దీన్ని మార్చలేదు, మార్చకూడదు కూడా.

మీ బెడ్‌రూముల్లో పెద్దదాని కొలత ఎంత? ఇద్దరు పడుకునే గదికి మోడల్ కోడ్‌లో (ఊళ్లు నమూనాగా తీసుకునేది) మనిషికి 50 చదరపు అడుగులు, ఒక్కరికైతే 70.

కేరీ_వెంకట్:

ఇది చదివి గుండె ఆగినంత పనైంది. బాబూ, మీ ఐదుగురూ దర్జాగా పేర్లు రాయించుకుని ఉండండి, నాకు ఏ అభ్యంతరమూ లేదు. దొంగచాటుగా ఉండాల్సి రావడం వల్లే కదా ఇలాంటి గదులు పుట్టేది. ముందు ఆ గదిలోంచి బయటికి రా.

ఒంగోలు_టు_టెక్సాస్:

మాస్టర్ బెడ్‌రూమ్ టేపు పెట్టి కొలిచాం, 14 బై 12. అంటే 168, ఇద్దరికి సరిపోతుంది. నా మంచం అందులోకి మార్చేశాం. స్కూల్లో అడ్రస్ అప్‌డేట్ చేశాను. మేనేజర్‌కి ఐదుగురం కలిసి మెయిల్ పెట్టాం, కొత్త చట్టం నంబర్ రాసి, ఇద్దరి పేర్లూ లీజులో చేర్చమని, గరాజ్‌ని ఇక గదిగా వాడబోమని. అద్దె తగ్గించమని కూడా అడగొచ్చా?

ప్లానింగ్_పనిలో_ఉన్నా:

అడగండి, కానీ రెండూ ఒకే మెయిల్‌లో కలపకండి. ముందు లీజు సవరణ మీద సంతకం కానివ్వండి. మీ యూనివర్సిటీలో స్టూడెంట్ లీగల్ సర్వీసెస్ ఉంటే ఆ కాగితం సంతకానికి ముందు వాళ్లకి చూపించండి, ముఖ్యంగా డిపాజిట్ పేరా. మేనేజర్ రాతపూర్వకంగా ఏం జవాబిచ్చాడో ఇక్కడ పెట్టండి, ఊరి పేరు, ఆయన పేరు తీసేసి.

ఫోర్ట్‌కాలిన్స్_రవళి:

పక్కింటాయనతో కూడా ఒకసారి మాట్లాడండి తమ్ముడూ. ఐదుగురి పేర్లూ, ఒక ఫోన్ నంబరూ రాసిచ్చి, కారు అడ్డమైతే ఫోన్ చేయమనండి. మా వీధిలో ఫోటోలు తీసే ఒకాయన అలాగే ఆగాడు.

ఒంగోలు_టు_టెక్సాస్:

సరే అక్కా, శనివారం వెళ్తాం.